1/24 అని చెప్పి 1/25 అంటగట్టాడు: ఆ చార్జర్ మోడల్ కారు బాడీ కొనేముందు ఇది చదవండి

నాకు దీన్ని అమ్మినాయన పేరు రాయను. మోడల్ కార్ల గ్రూపులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. లేనివాళ్లకు కూడా "పాత స్టాక్ కార్ కిట్లు, రెసిన్ బాడీలు, మనవాళ్లకైతే స్పెషల్ రేటు" అనే మెసేజ్ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేసే ఉంటారు. ఆ స్పెషల్ రేటు ఏమిటో నాకిప్పుడు తెలిసింది. 140 డాలర్లు. ఇంకా కోపం దిగలేదు, మాట ఎక్కడైనా గట్టిగా పడితే సర్దుకోండి.

సంగతి క్లుప్తంగా చెప్తాను. అమెరికా రేసర్ రిచర్డ్ పెట్టీ 1974లో డేటోనా 500 రేసు గెలిచిన డాడ్జ్ చార్జర్ కారు మోడల్ కట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. అదే, పెట్రోలు కొరత పుణ్యమా అని 500 మైళ్ల రేసును 450కి కుదించిన ఏడాది. ఆ కారు ఎంపీసీ కంపెనీ వాళ్ల పాత కిట్ 1/25లో (అసలు కారులో ఇరవై ఐదో వంతు సైజులో) ఉంది, నా అలమారాలో ఉన్నవన్నీ 1/24. పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. అందుకే "1/24 రెసిన్ బాడీ" అని కనబడగానే ఆగలేకపోయాను. బాడీ, కింద ఛాసిస్ (చక్రాలుండే చట్రం) కోసం మోనోగ్రామ్ కంపెనీ వాళ్ల 1980ల నాటి కిట్ ఒకటి ("డబ్బా తెరిచిందే, పార్ట్స్ మాత్రం అన్నీ ఉన్నాయి తమ్ముడూ"), పెట్టీ కారు నంబరు 43 డీకల్స్ (అంటించే బొమ్మలు). మూడూ కలిపి కాంబో. ఇంజిన్ నా దగ్గరున్న ఇంకో మోపార్ (క్రైస్లర్-డాడ్జ్ కార్ల) కిట్‌లోంచి తీద్దామనుకున్నాను.

ప్రకటనలో ఒక వాక్యం ఉంది: "కోత అక్కర్లేదు, బాడీ నేరుగా ఛాసిస్ మీద కూర్చుంటుంది."

అక్కడే నాకు అనుమానం రావాలి. లెక్క చూడండి. అసలు చార్జర్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 115 అంగుళాలు. 1/24లో అది 121.7 మిల్లీమీటర్లు. ఈ రేసులు నడిపే సంస్థ నాస్కార్ 1981లో వీల్‌బేస్‌ను 110 అంగుళాలకు తగ్గించింది, మోనోగ్రామ్ ఛాసిస్ ఆ తర్వాతి కార్లది. అంటే 1/24లో 116.4. నిజంగా 1/24 చార్జర్ బాడీ అయితే ఆ ఛాసిస్‌ను మధ్యలో కోసి ఐదు మిల్లీమీటర్ల పైన సాగదీయాలి. నేరుగా కూర్చునే సమస్యే లేదు. మరి నేరుగా కూర్చునేది ఏది? 1/25 బాడీ! 115 అంగుళాలను 25తో భాగిస్తే 116.8 మిల్లీమీటర్లు వస్తుంది. అర మిల్లీమీటరు కూడా తేడా లేదు. ఈ లెక్క ఆయనకి బాగా తెలుసు. రోజూ ఎక్సెల్ షీట్లతో కుస్తీ పట్టే నా బుర్రకే ఆ పూట వెలగలేదు.

ఫోటో కూడా ఎంత తెలివిగా తీశాడో. పక్క నుంచి మాత్రమే. చక్రాలు ఫెండర్ల మధ్యలో చక్కగా, ముచ్చటగా ఉన్నాయి. పార్సిల్ వచ్చాక నేనూ బాడీని ఛాసిస్ మీద పెట్టి చూశాను. నిజమే, కూర్చుంది. తర్వాత ముందు వైపు తిప్పాను. టైర్లు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చాయి. అన్న తమ్ముడి చొక్కా వేసుకుని గుండీలు పెట్టుకోలేక అవస్థ పడుతున్నట్టుంది. పొడవులో కుదిరింది కాబట్టి వెడల్పులోనూ కుదురుతుందా? 1/24 ఛాసిస్ 1/25 బాడీ కంటే నాలుగు శాతం పెద్దదే కదా.

ఇంకో విశేషం. ఆ బాడీ ఎవరూ మలిచింది కాదు. ప్లాస్టిక్ కిట్‌ బాడీకి రబ్బరు అచ్చు తీసి, అందులో రెసిన్ పోసి దించేసిన నకలు. ప్లాస్టిక్ మీద ఉండే మోల్డ్ గీతలు కూడా రెసిన్‌లో పొల్లుపోకుండా పడ్డాయి, పైకప్పు లోపల గాలి బుడగలు బోనస్. మోనోగ్రామ్ డబ్బాలో రోల్ కేజ్ (డ్రైవర్ చుట్టూ ఉండే గొట్టాల చట్రం) సగమే ఉంది, డాష్‌బోర్డ్ లేదు. స్ప్రూ (పార్ట్స్ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము) మీద తాజాగా కత్తిరించిన గుర్తులున్నాయి, అంటే ముందే ఎవరో ఏరుకున్నారన్నమాట. డీకల్స్ పసుపెక్కాయి, దానికి గొడవ పడను. కిటికీ అద్దానికి అంటించి ఎండ తగలనిస్తే చాలావరకు తెల్లబడతాయి.

ఫోన్ చేశాను. గొడవకి కాదు, మర్యాదగానే.

"అన్నా, బాడీ 1/25 వచ్చింది."

"కాదు తమ్ముడూ, కరెక్టుగానే పంపాను."

"క్యాలిపర్ పెట్టి కొలిచానన్నా. 117 దగ్గర వస్తోంది. 121.7 ఉండాలి."

కాసేపు మాట లేదు. వెనకాల టీవీలో క్రికెట్ కామెంటరీ వినబడుతోంది. ఆ తర్వాత నవ్వాడు.

"నువ్వు కిట్‌బాషింగే కదా చేసేది? కోసి అతికించుకునేవాడికి కొలతలెందుకయ్యా? ఎలాగూ కోస్తావు, ఇంకో గీత ఎక్కువ కొయ్యి."

రోల్ కేజ్ సంగతి అడిగాను. "సగం కిట్ చెత్తలో పడేసేవాడివే కదా. నీకు కావాల్సిన సగం నేను పంపాను."

డబ్బు పోయిందని ఇంత మంట లేదు. ఆ మాటకే. డబ్బాలో ఉన్నది ఉన్నట్టు, కాగితంలో చూపినట్టు కట్టేవాడికి కొలతలతో పని లేదు, కంపెనీవాడు చూసుకుంటాడు. నాలుగు కిట్ల నుంచి నాలుగు ముక్కలు తెచ్చి ఒక కారు చేసేవాడికి ప్రతి అర మిల్లీమీటరూ ముఖ్యమే. ఏ ముక్క పారేయాలో నేను తేల్చుకోవాలి గానీ అమ్మేవాడు ముందే పారేసి పంపడం ఏమిటి? చివర్లో "బొమ్మ కారుకి ఇంత టెన్షనా?" అని సలహా కూడా. బొమ్మ కారే అయితే 140 డాలర్లు ఎందుకు తీసుకున్నట్టో!

డబ్బు వెనక్కి ఇవ్వడట. "ఫీజు ఎందుకు దండగ, మనమంతా ఒకటే కదా" అని పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద వేయించుకున్నాడు. అలా పంపిన డబ్బుకి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. అలా వాళ్ల కుటుంబంలో సభ్యుణ్ణయ్యాను, భోజనానికి ఎప్పుడు పిలుస్తాడో చూడాలి. ముందు వైపు నుంచి తీసిన ఫోటో గ్రూపులో పెడితే అడ్మిన్ గారు దాన్ని తీసేసి, వెంటనే నన్నూ తీసేశారు. అడ్మిన్ ఎవరో కాదు, ఆయనే. ఆ సాయంత్రమే అదే పక్క ఫోటోతో, అదే "1/24"తో ఇంకో ప్రకటన పెట్టాడని ఒక ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపాడు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మేం ఉండేది అమెరికాలోని షార్లెట్‌లో. ఇక్కడి స్వాప్ మీట్‌లలో (పాత కిట్లు అమ్ముకునే సంతల్లో) ముక్కూమొహం తెలియని పెద్దాయనలు డబ్బా మూత తీసి, "ఇదిగో బాబూ, ఈ ముక్క విరిగింది, చూసుకో" అని చూపించి మరీ అమ్ముతారు. నేనేమో వాళ్లని వదిలేసి "మనవాడు" అని వెళ్లాను.

కొనేవాళ్లు ముందు నుంచి, పై నుంచి కూడా ఫోటోలు అడగండి. వీల్‌బేస్ మిల్లీమీటర్లలో, పక్కన స్కేలు పెట్టి చూపించమనండి. డబ్బు పేపాల్‌లో గూడ్స్ అండ్ సర్వీసెస్ కిందే పంపండి, ఫీజు పోతే పోయింది. కోసినప్పుడు రెసిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు పెట్టుకుని తడిపి రుద్దండి.

ఎవరి దగ్గరైనా మోనోగ్రామ్ రోల్ కేజ్ ఎడమ సగం, డాష్‌బోర్డ్ మిగిలి ఉంటే చెప్పండి, కొంటాను. ఫోటో ముందు నుంచి తీసి పంపండి.