సైకిల్ డిస్క్ బ్రేక్‌కి రెజిన్ ప్యాడా, మెటల్ ప్యాడా?

బ్రేక్ నొక్కితే చక్రంతో తిరిగే డిస్క్‌ని పట్టి ఆపేవి ప్యాడ్లు. ధరలో రెజిన్ (నారలు, పొడులను జిగురుతో అతికించి చేసిన ప్యాడ్) చవక.

పట్టు: రెజిన్ లివర్ నొక్కగానే పట్టుకుంటుంది, చప్పుడు తక్కువ. లోహపు పొడిని వేడిలో నొక్కి చేసిన మెటల్ ప్యాడ్ కాస్త వేడెక్కాకే బాగా పనిచేస్తుంది, తడిస్తే కీచుమంటుంది.

అరుగుదల: వానలో బురద, ఇసుక పడితే రెజిన్ సబ్బులా అరిగిపోతుంది. మెటల్ చాలాకాలం వస్తుంది.

వేడి: ఘాట్ దిగుతూ బ్రేక్ వదలకుండా పట్టుకుంటే రెజిన్ పైపొర గాజులా మెరిసి పట్టు పోతుంది. మెటల్ తట్టుకుంటుంది, కానీ ఆయిల్‌తో పనిచేసే బ్రేక్ అయితే ఆ వేడిని కాలిపర్‌లోని (ప్యాడ్లను నొక్కే భాగంలోని) ఆయిల్‌కి ఎక్కువగా పంపిస్తుంది.

అన్నిటికంటే ముందు రోటర్ (ప్యాడ్లు పట్టుకునే స్టీలు డిస్క్) మీద ఏం రాసుందో చూడండి. ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే ఇక ఆలోచనే వద్దు. ఆ మెత్తని స్టీలును మెటల్ ప్యాడ్ తినేస్తుంది.

ఆఫీసుకీ కూరగాయలకీ తిరిగే సైకిల్‌కి రెజిన్ చాలు. ఘాట్ రోడ్లు, వాన, వెనక బరువు ఉంటే మెటల్.