మా కాలనీ ఉమ్మడి తోట: మట్టికి పూర్తి మార్కులు, నీళ్లకు సగమే

మా కాలనీ చివర ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్న స్థలంలో ఇప్పుడు ఉమ్మడి తోట నడుస్తోంది. సభ్యత్వం తీసుకుంటే ఇంటికో మడి ఇస్తారు. పార, గునపం, కంపోస్టు, నీళ్లు అందరివీ. మడి బాగోగులు మాత్రం ఎవరివి వాళ్లే చూసుకోవాలి. చేరమంటారా అని అడిగేవాళ్లకు తప్పకుండా చేరమనే చెబుతాను.

మట్టి విషయంలో నిర్వాహకులకు చేతులెత్తి మొక్కాలి. సిటీలో ఖాళీ జాగా అంటే చాలాసార్లు కూల్చేసిన ఇంటి శిథిలాల మీద పేరుకున్న మట్టే. పాత పెయింట్లలో సీసం ఉండేది. అది నేలలో చేరితే దశాబ్దాలు గడిచినా పోదు. టమాటా లాంటి కాయల్లోకి అది ఎక్కేది తక్కువే. చేతులకు అంటిన దుమ్ము పిల్లల నోట్లోకి పోవడమే అసలు ప్రమాదం. అందుకే వీళ్లు ఒక్క మొక్క నాటకముందే మట్టి పరీక్ష చేయించి, రిపోర్టును అందరికీ కనిపించేలా షెడ్డు తలుపు మీద అంటించారు. అనుమానం ఉన్న మూలలో నేలలో నాటనివ్వరు. అక్కడ చెక్కలతో ఎత్తు మడులు కట్టి, శుభ్రమైన మట్టి తెప్పించి పోశారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఆ గట్ల మీదే కూర్చుని కలుపు తీసుకుంటున్నారు.

కంపోస్టు దగ్గర మాత్రం కాసేపు ఆగి చూడండి. మూడు అరల తొట్టి అది. కూరగాయల తొక్కలు వేసిన ప్రతిసారీ పైన దళసరిగా ఎండుటాకులు కప్పాలి. దాన్ని చూసుకునే పెద్దాయన కుప్ప మధ్యలోకి ఇనుప కడ్డీ దించి, కాసేపాగి బయటికి లాగి చేత్తో పట్టుకుని చూస్తారు. చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకునేంత వేడి ఉంటే ఆయన మొహం వెలిగిపోతుంది. లోపల 55 డిగ్రీలు దాటి కొన్నాళ్లు నిలిస్తే కలుపు గింజలు, తెగుళ్ల క్రిములు చాలావరకు చచ్చిపోతాయి. ఓసారి వాసన వస్తోందని చెబితే, "దానికి ఊపిరాడట్లేదమ్మా, తిరగెయ్యాలి" అని పార నా చేతికే ఇచ్చారు. ఎండుటాకులు కలిపి తిరగేశాక వాసన పోయింది.

ఇక నీళ్లు. ఇన్ని మడులకు ఒకటే కుళాయి! సాయంత్రమైతే క్యూ. పైపు చివరి వరుసదాకా రాదు, అక్కడివాళ్లు బకెట్లతో మోసుకోవాల్సిందే. రెండో కుళాయి గురించి ఎప్పుడు అడిగినా "చూద్దాం" అనే జవాబు. కుళాయి వచ్చేదాకా మొక్కల మొదళ్లలో ఎండుగడ్డి మందంగా పరవండి, తడి త్వరగా ఆరదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది స్థలం ఒప్పందం. ఏడాదికోసారి రెన్యువల్ అంటున్నారు. న్యూయార్క్‌లో 1999లో నగర ప్రభుత్వం వందకు పైగా తోటలను వేలానికి పెట్టింది. స్వచ్ఛంద సంస్థలు ముందుకొచ్చి కొనబట్టి అవి మిగిలాయి. బ్రిటన్‌లో జనం సాగు చేసుకోవడానికి ఇలాంటి మడులు ఇవ్వాల్సిన బాధ్యతను 1908లోనే చట్టం స్థానిక సంస్థల మీద పెట్టింది. అంత రక్షణ మనకు లేనప్పుడు కనీసం ఐదేళ్ల కాగితమైనా రాయించుకోవాలి. మట్టి బాగుపడటానికే రెండు మూడేళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియని నేలలో పండ్ల మొక్క ఎవరు పెడతారు? కమిటీ మీటింగులో ఈ మాట నేను అడుగుతూనే ఉంటాను, మీరూ అడగండి.

చేరేవాళ్లు కుళాయి వైపు వరుసలో మడి అడగండి. గోడ నీడ పడేవి వద్దు, కాయగూరలకు రోజూ కనీసం ఆరు గంటల ఎండ కావాలి. మడిని పట్టించుకోకుండా వదిలేస్తే నోటీసు ఇచ్చి వేరేవాళ్లకు ఇచ్చేస్తారు, అది న్యాయమే. వెయిటింగ్ లిస్టు పుస్తకం షెడ్డులోనే ఉంటుంది.