‘ఫియర్’ (2005): దయ్యం కన్నా సిపాయిలే భయపెట్టిన ఆట

హన్మకొండలో డిగ్రీ చదివే రోజుల్లో, 2008లో, ఒకే గదిలో అద్దెకున్న ముగ్గురం డబ్బులు కలిపి కొన్న కంప్యూటర్‌లో ‘ఫియర్’ అనే ఈ తుపాకుల ఆటను తొలిసారి ఆడాను. ఆ తర్వాత ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఇళ్లు మారాయి గానీ, రెండు మూడేళ్లకోసారి దీన్ని మొదటి నుంచి చివరి దాకా ఆడే అలవాటు మాత్రం పోలేదు. మొన్న పూర్తి చేసింది ఏడోసారి. మోనోలిత్ ప్రొడక్షన్స్ తయారు చేయగా 2005 అక్టోబరులో విడుదలైన ఈ ఆట పేరెత్తగానే ఎవరికైనా ఎర్ర గౌను వేసుకున్న ఆల్మా అనే చిన్నపిల్ల దయ్యమే గుర్తుకొస్తుంది. నన్ను ఇన్నేళ్లు పట్టి ఉంచింది ఆ పిల్ల కాదు.

‘ఫస్ట్ ఎన్‌కౌంటర్ అసాల్ట్ రీకాన్’ అనే కల్పిత దళం పేరులోని మొదటి అక్షరాలే ‘ఫియర్’. ఎన్‌కౌంటర్ అనే మాటను పత్రికల మొదటి పేజీల్లో చదువుతూ పెరిగినవాళ్లం కాబట్టి, ఆ పేరు వినగానే మా గదిలో ఒకడు “ఇది పోలీసోళ్ల గేమా?” అని అడిగాడు. కాదు. పాక్స్‌టన్ ఫెటెల్ అనేవాడు తన మనసుతో నడిపించే రెప్లికా అనే క్లోన్ సైనికులను ఎదుర్కొంటూ, ఆర్మాచమ్ అనే సంస్థ దాచిన రహస్యం వైపు వెళ్లడమే కథ. ఆ కథలో ఎక్కువ భాగం ఫోన్లలో మిగిలిన వాయిస్ మెసేజ్‌ల ద్వారా తెలుస్తుంది కనుక, ఆగి వినే ఓపిక లేనివారికి సగమే అర్థమవుతుంది.

అసలు విషయం ఆ సైనికులు. బల్ల పడదోసి దాని వెనక దాక్కుంటారు, కిటికీలోంచి దూకి వస్తారు, మనం ఒకే మూలన కూర్చుంటే గ్రెనేడ్ విసిరి లేపుతారు. ఇవన్నీ చేస్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూనే ఉంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే ఆ మాటల్లోంచే ఎవరు ఎటు నుంచి వస్తున్నారో పసిగట్టవచ్చు. ఈ సైనికుల బుద్ధిని రూపొందించిన జెఫ్ ఓర్కిన్ 2006లో ఆట నిర్మాతల సదస్సులో సమర్పించిన వ్యాసాన్ని చాలా ఆలస్యంగా చదివాను. ప్రతి సైనికుడికీ కొన్ని లక్ష్యాలు, కొన్ని పనులు ఇచ్చి, లక్ష్యం చేరడానికి ఏ పని తర్వాత ఏ పని చేయాలో అప్పటికప్పుడు వాడినే లెక్కవేసుకోనివ్వడం ఆయన పద్ధతి. మనల్ని వెనక నుంచి చుట్టుముట్టినట్టు కనిపించేది కూడా చాలాసార్లు ముందే వేసిన పథకం కాదు, తలా ఒక మంచి చాటు వెతుక్కుంటూ కదిలితే అలా కుదురుతుంది. అందరూ చచ్చి ఒక్కడే మిగిలినప్పుడు అదనపు బలగం కావాలని అరుస్తాడే, ఆ అరుపు విని ఎవరూ రారట! ముందు గదిలో ఎలాగూ ఉండబోయేవాళ్లను చూసి, వాడు పిలిస్తేనే వచ్చారని మనమే అనుకుంటామట. నాలుగుసార్లు ఆట పూర్తి చేసినా నాకు ఆ అనుమానమే రాలేదు.

ఆయుధాల్లో షాట్‌గన్‌కు సాటి లేదు. మనిషిని గోడకు మేకులా దిగగొట్టే పెనెట్రేటర్ దాని తర్వాతే. ఒకేసారి మూడు ఆయుధాలే మోయగలం కాబట్టి ఏది వదలాలన్న బెంగ ఎప్పుడూ ఉంటుంది. మీట నొక్కితే కాలాన్ని నెమ్మదింపజేసే స్లో మోషన్‌లో దుమ్ము, సిమెంటు పెచ్చులు, ఊగే దీపాల నీడలు కలిసి గదంతా కదిలే తీరు ఇప్పటికీ పాతబడలేదు. మా పాత కంప్యూటర్ లాగలేక మొదట్లో నీడలు తగ్గించి ఆడాను, అదొక పొరపాటు. నీడలు లేకపోతే ఈ ఆటలో సగం లేనట్టే.

లోపాలూ చెప్పాలి. ఆఫీసు గదులు, గోదాములు, మళ్లీ ఆఫీసు గదులు. మధ్య భాగంలో ఏ అంతస్తులో ఉన్నామో కూడా గుర్తుండదు. గాయాలు మాన్పే మెడ్‌కిట్‌లు పది వెంట పెట్టుకోగలగడం వల్ల మామూలు కష్టస్థాయిలో చావు భయం ఉండదు. కరెంటు కోతల కాలంలో నిమిషానికోసారి సేవ్ చేయడం నేర్చుకున్నాను, ఆ అలవాటూ భయాన్ని చంపేసింది. ఇప్పుడు హై స్థాయిలో, గది గదికీ సేవ్ చేయకుండా ఆడుతున్నాను.

కొత్త కంప్యూటర్లలో ఆడేవారికి ఒక జాగ్రత్త. నా కంప్యూటర్‌లో కాసేపు బాగా నడిచి, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు ఎంత శక్తిమంతమైనదైనా ఆట ఈడ్చుకుంటూ సాగింది. తప్పు గ్రాఫిక్స్‌ది కాదు, అదనపు బటన్లున్న మౌస్, కీబోర్డుల వంటి పరికరాలను ఆట పలకరించే తీరుది. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో హెచ్‌ఐడీ (మౌస్, కీబోర్డుల వంటి పరికరాలు) పేరుతో కనిపించే వాటిలో అవసరం లేనివి ఆపేస్తే సరిపోయింది. ఏది దేనిదో చూసుకోకుండా ఆపితే మాత్రం నాలాగే మౌస్ లేకుండా మిగులుతారు.

అదనపు భాగాల్లో 2006 నాటి ‘ఎక్స్‌ట్రాక్షన్ పాయింట్’ ఆడదగినది. 2007 నాటి ‘పర్సియస్ మ్యాండేట్’ను నేను ఒక్కసారే పూర్తి చేశాను, రెండోసారి మొదలుపెట్టి తీసేశాను.