వెనకబడ్డారట! పుస్తకాల యాప్‌లో ఏడాది లక్ష్యం, కొన్నేళ్లు వాడాక

చదివిన పుస్తకాల లెక్క రాసుకునే యాప్ ఏం చేస్తుందో అందరికీ తెలిసిందే కాబట్టి ఆ వివరాల జోలికి పోను. నేను వాడేది కూడా నలుగురూ వాడే లాంటిదే. దాని పేరు చెప్పను. నా తగాదా మొత్తం యాప్‌తో కాదు, అందులోని ఒకే ఒక్క వాక్యంతో. జనవరిలో ‘ఈ ఏడాది ఇన్ని పుస్తకాలు చదువుతాను’ అని ఒక అంకె వేస్తాం కదా, ఆ అంకె కింద సన్నటి అక్షరాలతో ఇంగ్లీషులో కనిపిస్తుంది: మీరు అనుకున్నదానికన్నా ఆరు పుస్తకాలు వెనకబడ్డారు.

ఎవరు అనుకున్నదానికన్నా? నేనైతే అలా అనుకున్న గుర్తు లేదు.

ఆ వాక్యం వెనక ఉన్న లెక్క చిన్నపిల్లల లెక్క. మనం వేసిన అంకెను 365తో భాగించి, గడిచిన రోజులతో గుణిస్తుంది. లక్ష్యం 50 అయితే 73వ రోజుకు, అంటే మార్చి 14కు, 10 పూర్తయి ఉండాలి. ఏడే అయితే మూడు వెనక. రోజులన్నీ ఒకటేనని, ఆదివారమైనా ఆడిట్ రోజైనా మనిషి ఒకే కొలత చదువుతాడని దాని నమ్మకం.

తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు ఆ నమ్మకం చూస్తే నవ్వొస్తుంది. మా ఏడాది దర్శనాల మధ్య నడుస్తుంది. వైకుంఠ ఏకాదశి, రథసప్తమి, మేలో గంగమ్మ జాతర, దానికి తోడు వేసవి సెలవులు, ఆపైన బ్రహ్మోత్సవాలు, అవి అయ్యాయనుకునేలోపు తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు. ఫోనులో అవతలి గొంతు ‘మాకు టికెట్లు దొరికాయి’ అంటే చాలు, చేతిలో ఉన్న పుస్తకంలో గుర్తు పెట్టి బీరువాలో సర్దేస్తాను. వచ్చేవాళ్ల మీద నాకు కోపం లేదు. కొండ కింద ఇల్లు కట్టుకుని చుట్టాలు రాకూడదంటే ఎలా? కోపమంతా, వాళ్లకు పక్కలు వేసి, తెల్లవారుజామున అలిపిరికి పంపించి, కాస్త నడుం వాల్చగానే ఫోనులో కనబడే ఆ వాక్యం మీద.

అసలు ముందు ఈ లక్ష్యాన్ని నేనే నెత్తిన పెట్టుకుని ఊరేగించాను. 2021లో 24 పెట్టుకుని సరిగ్గా 24 పూర్తి చేశాను. డిసెంబరు చివర తెర మీద రంగుకాగితాలు ఎగిరి, ఒక బిళ్ల లాంటి బొమ్మ వచ్చింది. దాన్ని ఆఫీసులో చూపించి మరో ఇద్దరి చేత కూడా పెట్టించాను. ‘అంకె ఉంటే చదువు పెరుగుతుంది’ అని చెప్పాను. పెరిగిన మాట నిజమే. నేను రోజూ చిత్తూరు ఆఫీసుకు బస్సులో వెళ్లివచ్చే మనిషిని. రోడ్డు వెడల్పు చేశాక కుదుపు తగ్గింది, చంద్రగిరి దాటి పూతలపట్టు వచ్చేదాకా ఒక కథ హాయిగా అవుతుంది. అంతకు ముందు ఆ సమయమంతా ఫోనులో వీడియోలకే పోయేది. ఆ మార్పు లక్ష్యం పుణ్యమే.

అయితే ఏడాది చివర యాప్ ఇచ్చే నివేదికలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక వరస ఉంటుంది, పుస్తకానికి సగటున ఎన్ని పేజీలు అని. లక్ష్యం పెరిగిన ప్రతి ఏడాదీ నా సగటు తగ్గుతూ వచ్చింది. 52 పెట్టిన ఏడాది మరీ పలచబడిపోయింది. అంకె పెద్దదైతే చెయ్యి దానంతటదే సన్నటి పుస్తకం వైపు పోతుంది. అరవై పేజీల కథల సంపుటి ఒకటి, ఎనిమిది వందల పేజీల గ్రంథమూ ఒకటే. ఆఫీసులో నా మాట విని పెట్టుకున్నవాళ్లలో ఒకరు పిల్లల బొమ్మల కథలు కూడా లెక్కలో వేసుకుంటున్నారని తెలిసింది. ఆ తర్వాత ఎవరికీ సలహా ఇవ్వలేదు.

నా విషయంలో ఈ ‘ఒకటి’ లెక్క మరీ ఇరకాటంలో పెట్టింది. రాత్రిపూట ఇంట్లో నేను చదివేది కవిత్రయ భారతం, టీకా తాత్పర్యాలతో దేవస్థానం వేసిన సంపుటాలు. బస్సుకు తీసుకువెళ్లే బరువు కాదు. పద్దెనిమిది పర్వాలు, వాటిలో అధ్యాయాల్లాంటి 63 ఆశ్వాసాలు. ఒక్క ఆదిపర్వంలోనే ఎనిమిది ఆశ్వాసాలున్నాయి. నన్నయ పద్యాన్ని ఒకసారి పైకి చదివి, టీక చూసి, మళ్లీ పద్యం దగ్గరకు వచ్చేసరికి అర పేజీకి పావుగంట. ఉగాదికి మొదలుపెట్టిన ఆదిపర్వం వినాయకచవితి దాకా సాగింది. ఆ ఏడాది నేను అంత ఇష్టంగా చదివినది మరొకటి లేదు. యాప్ మటుకు వారం వారం నన్ను ఒక్కో పుస్తకం వెనక్కి నెడుతూ వచ్చింది. ‘పిన్నీ, ఆశ్వాసానికి ఒక పుస్తకంగా చేర్చు, ఎనిమిది వస్తాయి’ అని మా అక్క కూతురు ఉపాయం చెప్పింది. ఉపాయం మంచిదే, ఎందుకో చేయబుద్ధి కాలేదు.

చేర్చడమంటే గుర్తొచ్చింది. తెలుగు పుస్తకాలు ఎక్కువగా చదివేవాళ్లకు ఇంకో చాకిరీ ఉంది. కెమెరా పెడితే పుస్తకాన్ని గుర్తుపట్టే సదుపాయం అట్ట వెనక ఉండే ఐఎస్‌బీఎన్ అంకెల మీద ఆధారపడుతుంది. 2007 నుంచి అవి 13 అంకెలు, అంతకు ముందు 10. మా నాన్న బీరువాలోని మద్రాసు ముద్రణలకు పదీ లేవు, పదమూడూ లేవు. అన్నీ చేత్తో ఎక్కించాలి. వెతికితే ఒకే పుస్తకం తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు రకాలుగా దొరుకుతుంది. పేజీల సంఖ్య ఒకదానిలో ఉంటే మరొకదానిలో ఉండదు. దీనికి అలవాటు పడిపోయాను.

అలవాటు పడలేనిది 2023 డిసెంబరులో జరిగింది.

ఆ ఏడాది అధికమాసం వచ్చింది. అధికమాసం వస్తే కొండ మీద బ్రహ్మోత్సవాలు రెండుసార్లు, సెప్టెంబరులో ఒకటి, అక్టోబరులో నవరాత్రులతో ఒకటి. పైగా వైకుంఠ ఏకాదశి కూడా రెండుసార్లు పడింది, జనవరి 2న, మళ్లీ డిసెంబరు 23న. నా అంకె 52 కూడా ఆ ఏడాదిదే. ఏ శుభముహూర్తాన పెట్టానో! డిసెంబరు మూడో వారానికి ఎంత వెనకబడ్డానో చూడటం కూడా మానేశాను.

ఏకాదశి నుంచి పది రోజులు వైకుంఠ ద్వార దర్శనం కదా, మా మేనత్త వాళ్లు ఒక బండిలో దిగారు. హాలంతా చాపలు, గుమ్మంలో చెప్పుల కుప్ప. అత్తకు డెబ్బై దాటాయి, నిద్ర తక్కువ. అర్ధరాత్రి నీళ్లకని లేచి, నా బల్ల మీద విరాటపర్వం సంపుటం చూసింది. 2021లోనే నేను చదివేసిన పుస్తకం అది, ఏదో పద్యం చూసుకోవడానికి తీసి ఉంచాను.

‘అమ్మాయీ, ఇది చదువుతావా నువ్వు? ఏదీ, కీచకుడి దగ్గర చదువు’ అంది.

చదివాను. నేను పద్యం ఎత్తుకోవడం, రెండో పాదం నుంచి ఆవిడ అందుకోవడం. నేను పదం విరిచిన చోట ఆవిడ ఊరుకోలేదు, ‘అక్కడ కాదు, ముందు’ అని వేలితో చూపించింది. తాత్పర్యం పుస్తకంలో చూడనిచ్చేది కాదు, తనే చెప్పేది. మర్నాటి రాత్రి కూడా కూర్చున్నాం, ఆ మర్నాడూ. ఉత్తరకుమారుడు కౌరవసేనను చూసి రథం దిగి పరుగెత్తే చోట ఆవిడ ఎంత నవ్విందంటే చాప మీద పడుకున్న మామయ్య లేచి కూర్చున్నారు. ఆ రాత్రే నా ఫోను వెలిగింది. ఏమిటది అని అడిగితే, వెనకబడ్డానని చెబుతోంది అత్తా అన్నాను.

‘ఎవరి కంటే?’ అంది.

డిసెంబరు 31 రాత్రి విరాటపర్వం అయిదు ఆశ్వాసాలూ పూర్తయ్యాయి. లక్ష్యం ఎలాగూ అందదు, ఇదైనా లెక్కలో ఉండనీ అనుకుని యాప్‌లో పుస్తకం తెరిచి, చదివిన తేదీ దగ్గర ఆ రోజు తేదీ వేశాను. 2023 ఖాతాలో ఒకటి పెరిగింది. మర్నాడు కొత్త అంకె వేద్దామని పాత సంవత్సరాల పట్టిక చూస్తే, 2021 పక్కన ‘24లో 23’ అని ఉంది! రంగుకాగితాలు ఎగిరిన ఏడాది, ఆఫీసంతా చూపించిన ఏడాది. బిళ్ల బొమ్మ మాయం. రెండేళ్ల కిందటి నన్ను కూడా ఒక పుస్తకం వెనకబడినదాన్ని చేసింది.

సహాయ విభాగానికి రాస్తే కొన్ని రోజులకు జవాబు వచ్చింది. పుస్తకానికి ఒక నమోదే ఉంటుంది, దానికి ఒక తేదీయే అంటుకుని ఉంటుంది, కొత్త తేదీ వేస్తే పాతది చెరిగిపోతుంది. మళ్లీ చదివినట్టు చూపాలంటే ‘మరో పఠనం’ అని వేరే మీట ఉంది, అది ఫోనులో కనబడదు, కంప్యూటర్‌లో పుస్తకాన్ని సవరించే పేజీలో అట్టడుగున ఉంటుంది. వెతికి పట్టుకుని పాత తేదీ తిరిగి వేసి, కొత్త పఠనం చేర్చాను. 24 మళ్లీ 24 అయింది. బిళ్ల బొమ్మ మటుకు రాలేదు.

సరిచేయగలిగే లోపమే, ఒప్పుకుంటాను. నన్ను గుచ్చింది అది కాదు. ఒకసారి చదివిన పుస్తకంతో పని అయిపోయిందని తీర్మానించుకుని ఎవరో ఈ ఏర్పాటు చేశారు. రోజుకో సర్గ పారాయణం చేసేవాళ్లు, ఒక్కో పద్యాన్ని వందసార్లు అనుకునేవాళ్లు ఈ ఊళ్లో వీధికి నలుగురుంటారు. వాళ్లెవరూ ఈ లెక్కలో పాఠకులు కారు. మా అత్త ఏడాదికి ఎన్ని చదువుతుందని యాప్‌ను అడిగితే సున్నా అంటుంది.

ఇంత తిట్టినదాన్ని, ఇంకా దాన్నే వాడుతున్నాను. కారణం ఆ మీట వెతుకుతున్నప్పుడే దొరికింది. చదవడం మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ వరసగా పరిచి చూపే పేజీ ఒకటి ఉంది. ఎన్నాళ్లుగానో ఎక్కిస్తున్నా ఎప్పుడూ తెరిచి చూడలేదు. చూస్తే, నా లావుపాటి పుస్తకాల్లో చాలామటుకు జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్యలోనే పూర్తయ్యాయి, దాదాపు ఏటా అంతే. ఆలోచిస్తే సరిపోయింది. బడులు తెరుస్తారు, చుట్టాల పిల్లలకు సెలవులుండవు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, పిలుపులూ ఉండవు. మా ఇంట్లో ఏడాది మొత్తానికి రాత్రులు నా చేతిలో ఉండే నెలలు అవే. ఈ సంగతి నాకు తెలియనిదేం కాదు, తేదీల్లో కనబడేసరికి నమ్మకం కుదిరింది. పోయిన ఏడాది కర్ణపర్వాన్ని ఆ రోజులకని అట్టేపెట్టుకుని అప్పుడే ముగించాను. డిసెంబరు, జనవరుల్లో బస్సు కథలు తప్ప ఏవీ పెట్టుకోవడం లేదు.

తేదీల పేజీని కూడా మరీ ఎత్తలేను. మనం వేసిన తేదీలే అది చూపేది. బద్ధకించి నాలుగు పుస్తకాలకు ఒకేరోజు ముగింపు వేస్తే దానికేం తెలుస్తుంది? పదకొండు రూపాయల పాత డైరీలో రాసుకున్నా ఈ పని జరుగుతుంది. నేను డైరీ పోగొట్టుకునే రకం కాబట్టి నాకు ఫోనే నయం.

ఎవరికి పనికొస్తుందంటే, చెప్పడం కష్టం. ఉపాయం చెప్పిన ఆ అమ్మాయే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉంటూ 50 పెట్టుకుని నవ్వుతూ తుళ్లుతూ పూర్తి చేస్తుంది. ఇంగ్లీషు నవలలు, ఒక్కోటి మూడు వందల పేజీల పైన. ‘వెనకబడ్డారు’ అని కనబడితే ఆ అమ్మాయికి పట్టుదల పెరుగుతుందట. ఇంటికి వచ్చేపోయేవాళ్లు తక్కువ ఉండి, ఒకే తీరు పుస్తకాలు చదివేవాళ్లకు లక్ష్యం సరిపోవచ్చు. పద్యం చదివేవాళ్లకు, చదివినదే చదివేవాళ్లకు, కొండ కింద ఇల్లున్నవాళ్లకు సరిపోదు. నాకు ఈ మూడూ ఉన్నాయి కాబట్టి నా తీర్పును ఆ మేరకు తగ్గించి చదువుకోండి. ప్రస్తుతం నా అంకె 10. పది పెట్టినా ఫిబ్రవరిలో ఒకటి వెనక అని చూపిస్తూనే ఉంది.

పెట్టుకునేవాళ్లకు రెండు మాటలు. నోటిఫికేషన్లు మొదటి రోజే ఆపేయండి, లక్ష్యం తీసేయకుండానే ఆపవచ్చు. రెండోది, మళ్లీ చదివిన పుస్తకానికి ఫోనులో తేదీ మార్చకండి, కంప్యూటర్ దొరికేదాకా ఆగండి. జాబితా మొత్తాన్ని పట్టికగా దించుకునే వీలు కూడా ఆ కంప్యూటర్ సెట్టింగుల్లోనే ఉంది. నేను ఏటా ఉగాదికి ఒకసారి దించి, మా అబ్బాయి చేత పెన్‌డ్రైవ్‌లో వేయించుకుంటున్నాను.