తప్పు రాస్తే గ్రూప్‌లనే దిద్దాలా, విడిగా చెప్పాలా?

మా నల్లకుంట అపార్ట్‌మెంట్ గ్రూప్‌ల మొన్న ఒకాయన "ఉచిత కల్లు పరీక్ష శిబిరం" అని పెట్టిండు, కళ్లు అని ఉండాలె, నేను అందరి ముందే దిద్దిన, ఇగ రాత్రి పదకొండు దాకా లొల్లి, శిబిరం ఎన్ని గంటలకో ఒక్కరు అడగలే.

గ్రూప్‌ల దిద్దితే: ఒక్క మెసేజ్‌తో పని అయితది, పదిమందికి తెలుస్తది. కానీ ఆ మనిషి చిన్నబోతడు, మళ్ల తెలుగుల టైప్ చేయాలంటేనే జంకుతడు, నాకైతే అదే పెద్ద నష్టం.

విడిగా చెప్తే: "అన్నా, ల కాదు ళ" అంటే చాలు, వాట్సాప్‌ల 15 నిమిషాల లోపైతే ఆయనే ఎడిట్ చేస్కుంటడు. లేట్ అయితే మాత్రం తప్పు అట్లనే ఉంటది.

కామా, ఫుల్‌స్టాప్‌ల కోసం రెండూ వద్దు, అవి మనకు అచ్చు పుస్తకాలతోటి వచ్చినయే. "వస్తది, పోతుండు" అని రాస్తే అసలు తప్పే కాదు, అది మన యాస, కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం చేస్కునేటోళ్లం దాన్ని దిద్దుడేంది?

తేదీ, మందు డోసు తప్పు పడితే గ్రూప్‌లనే, వెంటనే. అర్థం బదులు అర్ధం, అంటే సగం, అని పడితే విడిగా.