మంచానికి నాలుగు స్టార్లు, గేటుకు ఒకటే

లాడ్జీలకు, బిర్యానీ సెంటర్లకు రివ్యూలు రాసేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు. దీనికి మాత్రం ఎవరూ రాసినట్టు కనబడలేదు, అందుకే నేనే రాస్తున్నా. వరంగల్‌లో నిరాశ్రయుల కోసం పెట్టిన ఒక నైట్ షెల్టర్‌లో చలికాలంలో ఆరు రాత్రులు పడుకున్నాను. ఏ షెల్టరో, ఏ రోడ్డు మీద ఉందో చెప్పను. అక్కడి కేర్‌టేకర్ మంచి మనిషి, నా రాత వల్ల ఆయనకు మెమో వస్తే ఆ పాపం నాకొద్దు.

మాది పరకాల దగ్గర ఊరు. బాపుకు కడుపు ఆపరేషన్ ఉందంటే వరంగల్ తీసుకొచ్చాం. వార్డులో పేషెంటు దగ్గర ఒక్కరే ఉండాలి, అది సరైన రూలే. అమ్మ లోపల ఉంది, నేను బయట. మొదటి రాత్రి ఒక చెట్టు కింద అట్టముక్క పరుచుకుని పడుకున్నా. సంక్రాంతి ముందు చలి ఎట్లుంటదో మనోళ్ళకు చెప్పక్కర్లేదు. రెండింటికి మెలకువ వచ్చి చూస్తే ఒక చెప్పు లేదు, కుక్క ఎత్తుకుపోయింది. రెండోది వదిలేసింది, దాన్ని నేనేం చేసుకోను. లాడ్జీలో అడిగితే రోజుకు ఏడు వందలన్నాడు, డిశ్చార్జి ఎప్పుడో తెలియనప్పుడు ఆ లెక్కన ఎన్ని రోజులు కడతాం. పొద్దున ఛాయ్ అమ్మే అక్క నా అవతారం చూసి "గవర్నమెంటు షెల్టరు ఉన్నది కదా తమ్మీ, పైసలు తీస్కోరు, పో" అన్నది. అలాంటిది ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. డిగ్రీ మూడేళ్ళు హన్మకొండలోనే చదివాను మరి.

దాన్ని వెతకడం ఒక కథ. ఐదుగురు ఆటోవాళ్ళను అడిగా. ఇద్దరు తెలవదన్నారు, ఒకాయన తీసుకెళ్ళి అనాథాశ్రమం ముందు దింపాడు, ఇంకొకాయన "ఏ షెల్టరు, బస్ షెల్టరా?" అన్నాడు. ఐదో ఆయనకు తెలుసు, ఎందుకంటే ఇంట్లో గొడవైనప్పుడు ఆయనే రెండు రోజులు అక్కడ పడుకున్నాడట. బోర్డు లేదని కాదు, ఉంది, కానీ గేటు లోపల గోడకు ఉంది. అంటే లోపలికి వెళ్ళినవాడికి మాత్రమే తను ఎక్కడికొచ్చాడో తెలుస్తుంది. "పట్టణ నిరాశ్రయుల వసతి గృహం" అని పెద్దక్షరాలు, కింద ఫోన్ నంబర్లు, ఆ నంబర్లలో సగం అంకెలు ఎండకు పెచ్చులూడిపోయాయి.

లోపల మాత్రం నేను భయపడినట్టు లేదు, చాలా నయం. పెద్ద హాలు, కింద ఒకటి పైన ఒకటి ఇనుప మంచాలు, రెగ్జిన్ కవరు వేసిన పరుపు, ఒక రగ్గు. రగ్గు ఉతికి ఎన్నాళ్ళయిందో అడగలేదు, నా దుప్పటి కప్పుకుని దాని మీద ఆ రగ్గు వేసుకున్నా. నేలంతా ఫినాయిల్ వాసన. మామూలుగా ఆ వాసనంటే నాకు పడదు, ఆ రాత్రి మాత్రం ప్రాణం లేచొచ్చింది. లెట్రిన్లు రెండు, ఒకదానికి గడియ లేదు, లోపలున్నవాడు దగ్గుతూ ఉండాలి, ఆ దగ్గే గడియ. పొద్దున ఐదింటి నుంచి లైను, వేడినీళ్ళు లేవు, దోమలు కావలసినన్ని. ఛార్జింగ్ బోర్డు ఒక్కటే, దానికి చింతకాయల్లా ఫోన్లు వేలాడుతుంటాయి, ఆరు రోజుల్లో ఒక్క ఫోనూ పోలేదు. లాకర్లు ఉన్నాయి, తాళాలు లేవు, తాళం మనమే కొనుక్కోవాలి. ఆడవాళ్ళకు ఇక్కడ చోటు లేదు, కాబట్టి అమ్మను ఒక రాత్రైనా పడుకోబెడదామన్న నా ఆలోచన అక్కడే ఆగిపోయింది. ఇది ఆమె కాళ్ళ వాపు చూసిన కొడుకుగా రాస్తున్నా, రివ్యూలా కాదు.

కేర్‌టేకర్ గురించి విడిగా చెప్పాలి. ఎవరైనా తాగి వస్తే తిట్టడు, ఒక మూలకు తీసుకెళ్ళి పడుకోబెట్టి, పొద్దున లేచాక తిడతాడు. ఒక ముసలాయనకు రాత్రి జ్వరమొస్తే తన బండి మీదే దవాఖానకు తీసుకెళ్ళి తెల్లారి వచ్చాడు. మూడు నెలల నుంచి జీతం రాలేదన్న సంగతి నాకు నాలుగో రోజు తెలిసింది, అదీ ఆయన చెప్పలేదు, కిరాణా షాపాయన ఉద్దెర డబ్బులు అడగడానికి వచ్చినప్పుడు బయటపడింది.

ఇప్పుడు గేటు సంగతి. రాత్రి పదింటికి తాళం. ఇక్కడే నా స్టార్లన్నీ పోయాయి.

మూడో రాత్రి పన్నెండు దాటాక ఎవరో గేటు కొట్టారు. నేను లేచి వెళ్ళా. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్‌కు వెళ్ళే పిల్లగాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చొక్కా మీద కూర మరకలు. పెళ్ళి భోజనాలు పదకొండున్నరకు అయిపోతే, గిన్నెలు ఎత్తి, హాలు ఊడ్చి, పైసలు తీసుకుని వచ్చేసరికి ఈ టైమవుతుంది. పదింటిలోపు రమ్మంటే పని మానెయ్యాలి. అతనికి లోపలికి రావాలన్న ఆశ కూడా లేదు. గేటు మీదుగా ఒక కవరు నా చేతికి ఇచ్చి "అన్నా, మూలకు పండుకునే తాతకు ఇయ్యి" అని, ఎదురుగా మూసేసిన షాపు మెట్ల మీద పడుకోవడానికి పోయాడు. కవరులో బగారా అన్నం, నాలుగు చికెన్ ముక్కలు. లోపల ఆ రాత్రి ఏడు మంచాలు ఖాళీ, నేనే లెక్కపెట్టా.

ఏనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసే ఇంకో అన్నకు కూడా ఇదే గోస. మిర్చి సీజన్‌లో బండ్లు రాత్రిపూటే దిగుతాయి, బస్తాలు మోసి మోసి ఘాటుకు దగ్గుతూ ఏ ఒంటిగంటకో పని అయితే, మార్కెట్లోనే గోనెసంచులు పరుచుకుని పడుకుంటాడు. షెల్టర్‌కు వచ్చేది పని లేని రోజు మాత్రమే. అంటే ఈ షెల్టరు పని చేసుకుని బతికేవాడికి కాకుండా పని దొరకనివాడికే పనికొస్తుంది. మళ్ళీ మనమే "వీళ్ళు పని చెయ్యరు, సోమరిపోతులు" అంటాం. కేర్‌టేకర్‌ను అడిగితే, రాత్రి డ్యూటీకి తనొక్కడే, పదింటికి తాళం వెయ్యమని పైనుంచి మాట అన్నాడు. పైన అంటే ఎవరో ఆయనా చెప్పలేదు.

ఇంటికొచ్చాక రూల్సు వెతికి చదివా, కోపం ఇంకా పెరిగింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ అని కేంద్రం 2013లో పెట్టింది, పట్టణ నిరాశ్రయుల షెల్టర్లకు నిబంధనలు దాని కిందే వచ్చాయి. లక్ష జనాభాకు వంద మంది పట్టే షెల్టరు ఒకటి, మనిషికి 50 చదరపు అడుగులు, ఏడాది పొడుగునా 24 గంటలూ తెరిచి ఉండాలి. ఇరవై నాలుగు గంటలు! పదింటికి తాళం అని ఎక్కడా లేదు. 50 అడుగుల సంగతి సరే, మా హాల్లో చెయ్యి చాపితే పక్కాయన మంచం తగులుతుంది. నగరంలో విలీనమైన గ్రామాలు కలుపుకుంటే వరంగల్ నగర జనాభా 2011 లెక్కల ప్రకారమే 8 లక్షలు దాటింది. ఆ లెక్కన ఎనిమిది షెల్టర్లు, 800 మంచాలు ఉండాలి. ఉన్నాయా అని మీరే ఒక ఐదుగురు ఆటోవాళ్ళను అడగండి.

ఇంకొకటి, ఆధార్. రిజిస్టర్‌లో పేరు రాసి ఆధార్ జిరాక్స్ ఇవ్వమంటారు. నా దగ్గర ఉంది, ఇచ్చా. నా వెనక వచ్చిన పెద్దమనిషి దగ్గర లేదు, బస్టాండులో సంచీతో సహా పోయిందట. కేర్‌టేకర్ ఆ రాత్రికి చూసీ చూడనట్టు వదిలేశాడు. 2018 జనవరిలో ఇదే విషయం సుప్రీంకోర్టులో వచ్చింది, ఇల్లే లేనివాడికి ఆధార్ ఎక్కడి నుంచి వస్తుందని జడ్జీలే ప్రభుత్వాన్ని అడిగారు. మంచి ప్రశ్న. జవాబు మాత్రం ఈ గేటు దాకా రాలేదు.

మూలకు పడుకునే తాత గురించి చెప్తా. పింఛను 2,016 రూపాయలు తీసుకోవడానికి నెలకోసారి ఊరికి పోయి వేలిముద్ర వేసి వస్తాడు, బస్సు ఛార్జీలు పోగా మిగిలింది ఛాయ్‌కి, బీడీలకు. కొడుకు ఇదే నగరంలో ఉంటాడు, అంతకుమించి అడగొద్దన్నట్టు మొహం పెట్టాడు, నేనూ అడగలేదు. ఇప్పటి ప్రభుత్వం ఇచ్చే ఇందిరమ్మ ఇల్లుకు పెట్టుకోలేదా తాతా అన్నా. "జాగ ఉన్నోళ్ళకే ముందుగాల ఇస్తరట బిడ్డా. జాగ ఉంటే నేనిక్కడ ఎందుకు పండుకుంట?" అన్నాడు. మొదటి విడత నిజంగా అంతే, సొంత స్థలం ఉన్నవాళ్ళకు ఐదు లక్షలు. అంతకు ముందు ప్రభుత్వం ఇస్తానన్న డబుల్ బెడ్రూం ఇళ్ళకు కూడా అప్లికేషన్ పెట్టాడట. రెండు ప్రభుత్వాల కాగితాలూ ఒకే కవర్లో మడిచి పెట్టుకున్నాడు.

షెల్టరు ఎదురు సందులో ఛాయ్ తాగుతుంటే ఒక కాలనీ అంకుల్ మాట కలిపాడు. నేను లోపల ఉంటున్నానని తెలియక మనసులో మాట చెప్పేశాడు. "వీళ్ళ వల్ల ఈ లైన్ల ప్లాట్ల రేటు పెరుగుతలేదు, సంతకాలు పెట్టి కార్పొరేటర్‌కు ఇచ్చినం, ఊరవతలికి మారుస్తమన్నడు" అని. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అదే అంకుల్ ఐదు నిమిషాల తర్వాత, పొద్దున వాకింగ్‌కు పోతుంటే ఫుట్‌పాత్ మీద మనుషులు పడుకుంటున్నారనీ, గోడల పక్కన వాసన భరించలేకపోతున్నామనీ అన్నాడు. షెల్టరూ వద్దు, ఫుట్‌పాతూ వద్దు అంటే మనిషి ఎక్కడ పడుకోవాలి అంకుల్? ఊరవతల షెల్టరు పెడితే ఫంక్షన్ హాల్ నుంచి రాత్రి పన్నెండింటికి ఏ ఆటో పోతుంది, పోయినా నూటయాభై ఇచ్చి అక్కడికి పోయి ఉచితంగా పడుకుంటాడా?

కార్పొరేటర్‌ను తిట్టి లాభం లేదు, ఆయన లెక్క ఆయనకుంది. నగరంలో 66 డివిజన్లు, ప్రతి డివిజన్‌లో ఇంటి నంబర్లున్న ఓటర్లు. మా హాల్లో వాళ్ళ ఓట్లు ఉంటే ఊళ్ళలో ఉన్నాయి, లేకపోతే లేవు. నిజానికి ఎన్నికల సంఘం రూలు మంచిదే, ఇల్లు లేనివాళ్ళు కూడా తాము పడుకునే చోటునే అడ్రసుగా ఇచ్చి ఓటుకు పెట్టుకోవచ్చు. బీఎల్‌ఓ, అంటే ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి, రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా అని చూసి పోవాలి. హాల్లో ఈ సంగతి చెప్తే అందరూ నవ్వారు. "రాత్రి వస్తే గేటు ఎవరు తీస్తరు?" అన్నాడు హమాలీ అన్న.

ఇంకో తమాషా, 2021 నుంచి మన నగరం హనుమకొండ జిల్లా, వరంగల్ జిల్లా అని రెండు జిల్లాల్లో ఉంది కదా. గడియ లేని లెట్రిన్ గురించి, గేటు టైం గురించి నేను ఒక అర్జీ రాసుకుని ఒక ఆఫీసుకు పోయా. అక్కడ ఇది మా పరిధి కాదన్నారు, చెప్పిన చోటికి పోతే అక్కడా అదే మాట. మూడో చోట తీసుకుని స్టాంపు వేశారు. అంతే, స్టాంపు బాగుంది.

చెయ్యలేరా అంటే చెయ్యగలరు. 2023 జూలై వరదల్లో, మళ్ళీ 2025 అక్టోబరులో మొంథా తుపానుకు కాలనీలు మునిగినప్పుడు రాత్రికి రాత్రే పునరావాస కేంద్రాలు తెరిచారు, అన్నం పెట్టారు. అప్పుడు ఎవరూ పదింటికి తాళం అనలేదు. అప్పుడు నిరాశ్రయులైంది ఓటర్లు. హైదరాబాద్‌లో 2017లో విదేశీ అతిథులు వస్తున్నారని బిచ్చగాళ్ళను రోడ్ల మీద నుంచి ఎత్తి ఆశ్రమాలకు తరలించారు, దానికీ జాగ దొరికింది.

సరే, స్టార్లు. మంచానికి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానంటే రగ్గు. కేర్‌టేకర్‌కు ఐదు, పది ఉంటే పది ఇచ్చేవాణ్ణి. లెట్రిన్లకు రెండు. గేటుకు ఒకటి, అది కూడా సున్నా పెట్టే వీలు లేదు కాబట్టి.

మీవాళ్ళెవరైనా దవాఖానలో ఉండి మీరు బయట పడుకోవాల్సి వస్తే మొహమాటపడకుండా వెళ్ళండి, చెట్టు కింద కన్నా వంద రెట్లు నయం. ఆధార్ జిరాక్స్ రెండు కాపీలు, సొంత దుప్పటి, దోమల అగర్‌బత్తి, చిన్న తాళం పట్టుకెళ్ళండి. నా తాళం తాతకు ఇచ్చి వచ్చా, ఆ కాగితాల కవరు ఇప్పుడు లాకర్లో ఉంది. చెప్పులు మాత్రం మంచం కిందే పెట్టుకోండి. పదింటిలోపు చేరుకోండి, ఆటో ఎక్కేటప్పుడే బస్ షెల్టర్ కాదని చెప్పండి.