ఆటిజం ఉన్న మా బాబుకు రోబో: రెండేళ్లు వాడాక

మాది హనుమకొండ. మా బాబుకు ఏడేళ్లు, ఆటిజం ఉంది. పేరు పెట్టి ఎంత పిలిచినా తలెత్తేవాడు కాదు. స్పీచ్ థెరపీ మానకుండానే టేబుల్ మీద పెట్టుకునే చిన్న రోబో ఒకటి కొన్నాం. కొనాలా వద్దా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

దీంట్లో నాకు బాగా నచ్చింది విసుగు లేకపోవడం. ఎన్నిసార్లు అడిగినా అదే గొంతు, అదే ముఖం. మనం మాట్లాడితే కళ్లు, కనుబొమ్మలు, పెదవులు అన్నీ కదులుతాయి. అవన్నీ ఒకేసారి పట్టుకోవడం మావాడికి కష్టం. ఇంగ్లండ్‌లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటి పిల్లల కోసం చేసిన కాస్పర్ రోబోకు కూడా కావాలనే భావాలు తక్కువగా పలికే ముఖం పెట్టారు.

దీనికే అతుక్కుపోయి మమ్మల్ని అసలే పట్టించుకోడేమోనని నాకు టెన్షన్. అందుకే థెరపీ మేడమ్ ఎప్పుడూ మూడో మనిషిని కూర్చోబెట్టమన్నారు. దానికి తెలుగు రాదు, మావారు మా మాటలే రికార్డు చేసి పెట్టారు. రోబో "నీ వంతు" అంటే బాబు బంతి దొర్లిస్తాడు. కొన్ని నెలలు బంతి రోబో దగ్గరికే వెళ్లేది. ఒకరోజు "బాపమ్మ వంతు" అనగానే బంతి పట్టుకుని మా అత్తమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె చెయ్యి చాపేదాకా ఆగాడు. మేం ఎదురుచూసింది ఆ చూపు కోసమే. ఇప్పుడు రోబో ఆపేసి ఉన్నా, బజ్జీలు పంచేటప్పుడు "అక్క వంతు" అంటే వాళ్లక్క వైపు తిరుగుతాడు.

2018లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ వాళ్లు 12 మంది పిల్లల ఇళ్లలో నెలరోజులపాటు, రోజూ అరగంట రోబోతో ఆడించారు. రోబో లేనప్పుడు కూడా పెద్దవాళ్లతో కలిసి ఒకే వస్తువు మీద దృష్టి పెట్టడం ఆ పిల్లల్లో మెరుగైంది. అక్కడా ఇంటివాళ్లు పక్కనే కూర్చున్నారు. రోబోను ఇచ్చి మనం వంటింట్లోకి వెళ్లిపోతే అదొక బొమ్మే.

ఇబ్బందులూ ఉన్నాయి. మావాడి ముద్ద మాటలు దానికి అర్థం కావు. నెట్ పోతే సగం ఆటలు రావు. మెడ మోటారు పాడైతే రిపేరుకు బెంగళూరు పంపాల్సి వచ్చింది. అది వచ్చేదాకా బాబు సరిగ్గా నిద్రపోలేదు. అప్పటినుంచి వారంలో రెండు రోజులు కావాలనే దాన్ని బయటికి తీయడం లేదు.

2024 చివర్లో అమెరికాలో మోక్సీ అనే పిల్లల రోబోను తయారుచేసే కంపెనీ మూతపడుతున్నట్టు ప్రకటించింది. సర్వర్లు ఆగితే రోబో కూడా పనిచేయదని కొన్నవాళ్లకు చెప్పారు. కాబట్టి నెట్ లేకుండా ఏమేం చేస్తుందో మీ ముందే ఆడించి చూపించమనండి. తెలుగు రికార్డు చేసుకునే వీలుందో లేదో చూడండి. థెరపీ ఫీజు ఆపి మాత్రం దీన్ని కొనొద్దు.